గుండీలు పెట్టుకోవడం రాని పిల్లవాడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డిస్‌ప్రాక్సియా, అంటే చేతుల, కాళ్ల కదలికలను సమన్వయం చేసుకోవడంలో ఇబ్బంది, ఉన్న పిల్లల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కుదించాం. పేర్లు తొలగించాం.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నడక ఆలస్యంగా వచ్చింది. భారతం కథలు అడిగితే వరుస తప్పకుండా చెబుతాడు, ఎక్కాలు నోటికి వచ్చు. కానీ చొక్కా గుండీలు పెట్టుకోలేడు. పప్పన్నం కలుపుకోమంటే సగం కంచం చుట్టూ పడుతుంది. ఏమీ లేనిచోట కూడా తట్టుకుని పడతాడు. నోటుపుస్తకంలో ‘నిర్లక్ష్యం’ అని ఎర్ర సిరాతో రాసి పంపుతున్నారు. పిల్లల వైద్యుడు ఇది డిస్‌ప్రాక్సియా అన్నారు. మావారేమో ‘నిన్న పెట్టుకున్నవాడికి ఇవాళ ఏమొచ్చింది, ఒట్టి బద్ధకం’ అంటారు. ఇంకా నేనే ముద్దలు కలిపి నోట్లో పెట్టడం వల్ల ఇలా తయారయ్యాడని మా అత్తగారి మాట. రోజూ బస్సు వచ్చే వేళకు ఇంట్లో అరుపులు, ఏడుపులు. ఇది జబ్బా? తగ్గుతుందా? లోపం నా పెంపకంలోనే ఉందా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ పెంపకంలో లోపం లేదు. ముద్దలు కలిపి పెట్టినందువల్ల ఏ పిల్లవాడికీ చేతి నేర్పు పోదు. వాడికి కలుపుకోవడం కష్టంగా ఉంది కాబట్టే మీరు ఇంతకాలం కలిపి పెడుతూ వచ్చారు. మీ అత్తగారు కారణాన్నీ ఫలితాన్నీ అటూ ఇటూ మార్చి చూస్తున్నారు, అంతే.

డిస్‌ప్రాక్సియా అని వాడుకలో ఉన్నదాన్ని వైద్యులు తమ కాగితాల మీద ఎక్కువగా డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, క్లుప్తంగా డీసీడీ, అని రాస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం దీన్ని నిర్ధారించాలంటే నాలుగు విషయాలు కలిసి ఉండాలి. పిల్లవాడి వయసుకూ, నేర్చుకోవడానికి వాడికి దొరికిన అవకాశాలకూ తగినట్టుగా కదలికలలో నేర్పు లేకపోవాలి; దానివల్ల రోజువారీ పనులూ చదువూ దెబ్బతింటూ ఉండాలి; ఈ ఇబ్బంది చిన్నతనం నుంచీ ఉండాలి; మేధో వైకల్యం, చూపు లోపం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపు తప్పడం), కండరాల క్షీణత వంటివి అందుకు కారణం కాకూడదు. ఐదు నుంచి పదకొండేళ్ల లోపు పిల్లల్లో నూటికి 5 నుంచి 6 మందికి ఇది ఉంటుందని అదే పుస్తకం చెబుతోంది. అంటే నలభై మంది కూర్చునే తరగతిలో సగటున ఇద్దరు ఉంటారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవారిలో ఈ అవకాశం పెరుగుతుంది. చాలామందిలో మాత్రం ఫలానాదే కారణమని వేలెత్తి చూపగలిగింది ఏదీ ఉండదు.

ఇక మీవారి వాదన. నిన్న చేసినవాడు ఇవాళ చేయలేకపోవడాన్ని ఆయన బద్ధకానికి రుజువుగా చూస్తున్నారు. నిజానికి ఈ నిలకడ లేకపోవడం కూడా డిస్‌ప్రాక్సియా ఉన్న పిల్లల్లో తరచూ కనిపించేదే. గుండీ పెట్టుకునేటప్పుడు ఏ వేలు ఎంత ఒత్తాలో, రెండో చేయి బట్టను ఎటు లాగాలో మెదడు ముందుగానే లెక్క వేసుకుని, మధ్యలో తప్పితే అక్కడికక్కడే దిద్దుకుంటుంది. మనకు కొన్నాళ్లకు ఆ లెక్క అలవాటుగా మారిపోతుంది. ఈ పిల్లలకు అలవాటుగా మారడానికి ఎక్కువ కాలం పడుతుంది. అందాకా ప్రతిసారీ దృష్టి పెట్టి, ఆలోచించి చేయాలి. తీరిక ఉండి మనసు ప్రశాంతంగా ఉన్న ఆదివారం నాడు వచ్చిన పని, బస్సు హారన్ వినిపిస్తూ నలుగురూ తొందరపెడుతున్న సోమవారం ఉదయం రాదు. వాడు రెండు రోజులూ అంతే కష్టపడ్డాడు.

ఇది అంటుకునే జబ్బు కాదు, మందుతో పోయేదీ కాదు. పెరిగేకొద్దీ దానంతట అదే పోతుందని ఊరుకోవడమూ సరికాదు, ఎందుకంటే సగానికి పైగా పిల్లల్లో ఈ ఇబ్బంది కౌమారంలోనూ కొనసాగుతుంది. అయితే ఇబ్బంది ఉన్నా పనులు నేర్చుకోవచ్చు, నేర్చుకుంటారు కూడా. కొన్ని సూచనలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల నరాల వైద్యుణ్ని కలవాలి: అంతకుముందు వచ్చిన పనులు రాకుండా పోవడం, ఒకవైపు చేయీ కాలూ మాత్రమే బలహీనంగా ఉండడం, మూర్ఛలు రావడం, నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి ఎగబాకినట్టు లేవడం. ఈ చివరిది, ముఖ్యంగా మగపిల్లల్లో, కండరాల క్షీణతకు సూచన కావచ్చు. మీ బాబుకు ఒకసారి కంటి పరీక్ష కూడా చేయించండి.

ఇప్పుడు మీ ఇంటి ఉదయాల సంగతి. అన్ని పనులూ ఒకేసారి నేర్పాలన్న పట్టుదలను ముందు వదిలిపెట్టండి. ఈ మూడు నెలలకు రెండే పనులు ఎంచుకోండి, వాటిలో ఒకటి బాబు స్వయంగా ‘ఇది నాకు రావాలి’ అన్నది కావాలి. మిగతావన్నీ మొహమాటం లేకుండా తేలిక చేసేయండి: లేసుల బదులు అతుక్కునే పట్టీ ఉన్న బూట్లు, ఎలాస్టిక్ ఉన్న టై, నడుముకు ఎలాస్టిక్ ఉన్న నిక్కరు, రాత్రే సర్దిన సంచీ. ఇలా చేస్తే ఎప్పటికీ నేర్చుకోడని మీ ఇంట్లో అంటారు. కానీ బస్సు ముందు నిలబడి ఏడుస్తూ నేర్చుకున్న పిల్లవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఎంచుకున్న పనిని సాయంత్రం, కడుపు నిండి ఉన్నప్పుడు, పది నిమిషాలకు మించకుండా సాధన చేయించండి. గుండీలైతే చివరి నుంచి మొదలుపెట్టడం మంచి పద్ధతి. మీరే గుండీని రంధ్రంలోకి సగం దూర్చి, మిగతా సగం బయటికి లాగే పని వాడికి వదిలేయండి. అది వచ్చాక అంతకుముందు మెట్టు, ఆ తరువాత దానికి ముందుది. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తిచేసినవాడు మీ బాబే అవుతాడు. మొదట పెద్ద గుండీలున్న వదులు చొక్కాను బల్ల మీద పరిచి నేర్పండి, తరువాత ఒంటి మీద ఉన్న చొక్కాతో చేయించండి. చొక్కా పైగుండీ కళ్లకు కనిపించదు కాబట్టి దాన్ని ఆఖరున పెట్టుకోవాలి.

అన్నం విషయానికి వస్తే, చేత్తో కలుపుకుని తినడం ఎంత నేర్పుతో కూడిన పనో మనం గమనించం. అన్నాన్ని నలపాలి, పప్పు సమంగా పట్టించాలి, ఐదు వేళ్లతో ముద్ద చేయాలి, బొటనవేలితో నోట్లోకి నెట్టాలి. పలుచని చారన్నంతో ఇది మరీ కష్టం. లోతైన అంచున్న కంచం, పాదాలు ఆనేలా ఎత్తు సరిపోయే కుర్చీ, మొదట గట్టిగా కలిపిన ముద్దపప్పు అన్నం, చారుకు చెంచా. చెంచాతో తినడం నామోషీ కాదని మీ అత్తగారికి చెప్పండి. ఆవిడకు ఒక పని అప్పగిస్తే ఇంకా మంచిది: ముద్దలు తానే కలిపి కంచంలో పెడితే, తీసుకుని తినడం వాడు చేస్తాడు.

మీవారిని ఒప్పించే బాధ్యత మీరొక్కరే మోయకండి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులు) దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన్ని కూడా తీసుకువెళ్లండి, పరీక్ష జరుగుతున్నంతసేపూ ఎదుట కూర్చోమనండి. చిన్న సీలలను పలకలో గుచ్చడానికి తన కొడుకు ఎంతసేపు, ఎంత శ్రద్ధగా ప్రయత్నిస్తున్నాడో కళ్లారా చూశాక బద్ధకం అనే మాట మీద నిలబడే తండ్రులు తక్కువ. ఎంచుకున్న రెండు పనులలో ఒకటి నేర్పే వంతు ఆయనకే ఇవ్వండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. డీసీడీ అని తేలింది. ఇక్కడి ఒక థెరపీ కేంద్రంవారు ఉయ్యాలలు, బంతులు, ఒంటికి బ్రష్‌తో రుద్దడం వంటివాటితో మెదడును ‘సరిచేస్తామని’, ఏడాది ఫీజు ముందే కట్టాలని అంటున్నారు. అప్పు చేసైనా కట్టాలా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అప్పు చేయకండి. యూరోపియన్ అకాడమీ ఆఫ్ చైల్డ్‌హుడ్ డిజబిలిటీ ఆధ్వర్యంలో వివిధ దేశాల నిపుణులు రూపొందించి 2019లో వెలువరించిన మార్గదర్శకాలు పిల్లవాడికి ఏ పని రావాలో ఆ పనినే నేర్పే పద్ధతులను సిఫారసు చేశాయి. సైకిల్ రావాలంటే సైకిల్ మీద, రాత రావాలంటే పెన్సిల్‌తో సాధన చేయించాలి. ఇంద్రియాలను చురుకు చేస్తే ఆ ప్రభావం రాతకూ గుండీలకూ పాకుతుందన్న వాదనకు డీసీడీ విషయంలో గట్టి ఆధారం లేదు. ఉయ్యాల ఊగడం పిల్లవాడికి సరదాగానే ఉంటుంది, కాదనను. దాని కోసం ఏడాది ఫీజు ముందుగా కట్టనక్కరలేదు.

ఏ కేంద్రానికి వెళ్లినా కొన్ని సంగతులు అడగండి. నేర్పబోయే పనులను మా బాబుతోనూ మాతోనూ మాట్లాడి నిర్ణయిస్తారా? ఎన్ని వారాల తరువాత ఏమి వచ్చిందో, ఏమి రాలేదో చూసి చెబుతారా? ఇంట్లో మేము చేయాల్సింది మాకు నేర్పుతారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే వేరే చోటు చూసుకోవడం మంచిది. కెనడాలో రూపుదిద్దుకున్న కో-ఆప్ అనే పద్ధతిలో పిల్లవాడే తన లక్ష్యం చెప్పుకుని, ఎలా చేయాలో పథకం వేసుకుని, చేసి, సరిగ్గా వచ్చిందో లేదో తానే చూసుకుంటాడు. పెద్దలు జవాబు అందించకుండా ప్రశ్నలు వేస్తూ పక్కన ఉంటారు. ‘బంతి ఎందుకు జారిపోయింది? ఈసారి చేతులు ఎక్కడ పెడదాం?’ అని అడగడానికి డబ్బు ఖర్చు కాదు, ఓపిక మాత్రం చాలా ఖర్చవుతుంది.

ప్రభుత్వ సేవల వైపూ చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష ఆధ్వర్యంలో మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడినదే అయినా, పిల్లల ఎదుగుదలలో తేడాలను అంచనా వేయించుకునే విషయంలో సలహా అడగవచ్చు.

మందుల గురించి ఒక మాట. డీసీడీకి మందు లేదు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) కూడా ఉంటుంది కాబట్టి, నిలకడగా కూర్చోలేకపోవడం వంటివి కనిపిస్తే దాన్ని విడిగా పరీక్షించి చికిత్స చేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి సీబీఎస్ఈ స్కూలులో తొమ్మిదో తరగతి. జవాబులన్నీ తెలుసు, మూడు గంటల్లో సగం పేపరే రాయగలుగుతుంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. స్కూలువారు ‘డిస్‌ప్రాక్సియా అనే వైకల్యం ఏదీ లేదు, రాయడం అలవాటు చేయించండి’ అంటున్నారు. – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఆ మాట తప్పు. 2016లో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాల నిర్వచనంలో డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్‌కాల్క్యులియా (లెక్కల్లో ఇబ్బంది)లతో పాటు డిస్‌ప్రాక్సియా పేరు కూడా ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి మార్పులు చేయాలని అదే చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. సీబీఎస్ఈ నిబంధనల ప్రకారం అర్హత ఉన్న విద్యార్థులకు మూడు గంటల పేపరుకు మరో గంట ఇస్తారు.

చిక్కంతా ధ్రువపత్రం దగ్గర వస్తుంది. అభ్యసన వైకల్యాన్ని తేల్చేందుకు వాడే పరీక్షలు ప్రధానంగా చదవడం, రాయడం, లెక్కలు చేయడం ఎలా ఉన్నాయో చూస్తాయి. మీ అమ్మాయి చక్కగా చదువుతుంది, లెక్కలూ చేస్తుంది. ఇబ్బంది చేతి కదలికలో ఉంది. చట్టం పేరు చెప్పింది గానీ, కొలిచే సాధనాలను దానికి తగినట్టు సమకూర్చలేదన్నది నా అభిప్రాయం. అందువల్ల కనీసం నలభై శాతం వైకల్యం ఉండాలన్న హద్దును దాటలేక నిరాశపడే కుటుంబాలున్నాయి.

ఈ హద్దు దగ్గరే ఆగిపోనక్కరలేదు. చేతి కండరాలు పట్టేయడం వల్ల రాయలేని ఒక వైద్య పట్టభద్రుడు వేసిన వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్‌సీ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, నలభై శాతం వైకల్యం లేదన్న కారణంతో రాసిపెట్టే సహాయకుణ్ని నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును అనుసరించి కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో, నలభై శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడం కష్టమైనవారి కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలో ప్రభుత్వ వైద్య సంస్థ ఇచ్చే ధ్రువపత్రం కావాలన్నారు. కనుక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చేత రాత వేగాన్ని, చేతి కదలికలను కొలిపించి నివేదిక తీసుకోండి, దానితో ప్రభుత్వ ఆసుపత్రిని సంప్రదించండి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే సమయానికి కాకుండా ఈ ఏడాదే మొదలుపెట్టండి. స్కూలుకు రాసే ప్రతి ఉత్తరానికీ అందినట్టు సంతకం తీసుకోండి.

ఈలోగా అమ్మాయికి కీబోర్డు మీద టైపు చేయడం నేర్పించండి. అదీ మొదట నెమ్మదిగానే వస్తుంది, కానీ అక్షరం రూపం గురించి బెంగ ఉండదు. మన పిల్లలు మూడు భాషలు మూడు లిపుల్లో రాస్తారని, అందులో తెలుగు గుణింతాలకూ వత్తులకూ గీత పైకీ కిందికీ చేయి తిప్పాలని గుర్తుంచుకుని, నోట్సు ఎత్తిరాసే పనైనా తగ్గించమని ఉపాధ్యాయులను అడగండి. ఫొటోస్టాట్ కాపీ అతికించుకుంటే చదువేమీ తగ్గదు.

ప్రశ్న: మా మనవరాలికి ఆరేళ్లు. ఎడమచేత్తో రాస్తుంటే మాన్పించి కుడిచేతికి మార్చాం. ఇప్పుడు రాత అసలు కుదరడం లేదు. ఇదీ డిస్‌ప్రాక్సియాయేనా? – ఒక నాయనమ్మ, కర్నూలు

జవాబు: ముందు ఆ పాప చేతిని ఆ పాపకు ఇచ్చేయండి. ఎడమచేతి వాటం లోపం కాదు. కొన్ని నెలలు తనకు నచ్చిన చేత్తో రాయనివ్వండి. రాత ఒక్కటే ఇబ్బందిగా ఉండి, ఆటలూ తిండీ బట్టలూ వయసుకు తగ్గట్టే ఉంటే డీసీడీ అని అనుకోనక్కరలేదు. అన్నింటిలోనూ తడబాటు ఉంటేనే పరీక్ష చేయించండి.

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా తమ్ముడికి పదేళ్లు, డిస్‌ప్రాక్సియా ఉంది. అమ్మ సాయంత్రమంతా వాడి హోంవర్కుతోనే ఉంటుంది. రాత్రి పది దాటాక నా సంగతి అడుగుతుంది, అప్పటికి నాకు చెప్పాలనిపించదు. అమ్మకు వీలుకానప్పుడు వాడి చదువు నాకు అప్పగిస్తారు. వాడు నా రికార్డు మీద నీళ్లు ఒలకబోస్తే ‘పాపం, వాడికి తెలియదు’ అంటారు. కోపం వస్తుంది, తరువాత నా మీద నాకే అసహ్యం వేస్తుంది. – ఒక అక్క, వరంగల్

జవాబు: తల్లీ, నీకు కోపం రావడంలో తప్పేమీ లేదు. రికార్డు నీది, పాడైంది నీ శ్రమ. తమ్ముడు కావాలని చేయలేదన్నది ఎంత నిజమో, నీకు నష్టం జరిగిందన్నదీ అంతే నిజం. ఇంట్లో పెద్దవాళ్లు మొదటి మాట చెప్పి రెండోది మరిచిపోతారు. ఇకమీదట అలా జరిగితే వాడు నీకు క్షమాపణ చెప్పాలి, తుడిచే పనిలో సాయం చేయాలి. అది వాడికీ మంచిదే. పదేళ్ల పిల్లవాణ్ని ‘పాపం’ అని పక్కన పెడితే, తాను ఏమీ చేయలేనివాణ్నని వాడు నమ్మడం మొదలుపెడతాడు. ఈ పిల్లల్లో ఆందోళన, దిగులు మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇంటి సాయంత్రాలను హోంవర్కు తినేస్తోంది. మీ అమ్మగారు ఈ పేజీ చదువుతారనుకుని రాస్తున్నాను: అమ్మా, రాత హోంవర్కుకు అరగంట హద్దు పెట్టండి. అరగంట కాగానే ఎంతవరకు అయితే అంతవరకు గీత గీసి, ‘ఇంతకు మించి రాయలేకపోయాడు, మిగతావి నోటితో చెప్పాడు’ అని రాసి సంతకం చేయండి. ఉపాధ్యాయురాలితో ముందే మాట్లాడుకుంటే చాలామంది ఒప్పుకుంటారు. అలా మిగిలిన సమయంలో కొంత మీ పెద్దమ్మాయిది. వారంలో ఒక సాయంత్రం తమ్ముడి ప్రస్తావన లేకుండా మీరిద్దరే బజారుకో గుడికో వెళ్లండి. వాళ్ల నాన్నగారు ఆ పూట బాబును చూసుకుంటారు. ఇంట్లో ఆయన వంతు ఏమిటో ఈ ఉత్తరంలో ఎక్కడా లేదన్నది నేను గమనించాను.

నువ్వు వాడికి అక్కవు, రెండో అమ్మవు కాదు. పరీక్షల సంవత్సరంలో వాడి చదువు నా వల్ల కాదని చెప్పడానికి నీకు పూర్తి హక్కు ఉంది. చేయాలనిపించినప్పుడు చేసే పని వేరు: కలిసి కారమ్స్ ఆడడం, పాట పెట్టుకుని ఎగరడం. స్నేహితులు వాడి నడక చూసి నవ్వితే పెద్ద వివరణ అక్కరలేదు. ‘వాడికి చేతులూ కాళ్లూ మాట వినడానికి కొంచెం టైం పడుతుంది, తెలివి బాగానే ఉంది’ అంటే సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం ఇంగ్లండులో ఉంటుంది. తొమ్మిదేళ్ల మనవడికి డిస్‌ప్రాక్సియా అని అక్కడ నిర్ధారించారు. వేసవి సెలవులకు వస్తున్నాడు. బంధువుల పెళ్లి కూడా ఉంది. సైకిల్ నేర్పమని నన్ను అడిగాడు. నేర్పవచ్చా? – ఒక తాతయ్య, తెనాలి

జవాబు: తప్పకుండా నేర్పండి, అడిగింది వాడే కాబట్టి సగం పని అయినట్టే. పెళ్లి విషయంలో ఒక్క సూచన: బంతిలో అరిటాకు ముందు కూర్చోబెట్టేటప్పుడు చివర చోటు చూడండి, చారు, పాయసం గిన్నెలో పోయించండి, ‘అల్లరి పిల్లాడు’ అనే చుట్టాలకు మీరే ముందుగా చెప్పి ఉంచండి. అల్లుడి తరఫువారి ముందు మీ అమ్మాయి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం రాకూడదు.

సైకిల్‌కు పక్కచక్రాలు బిగించకండి. అవి ఉంటే తొక్కడం వస్తుంది గానీ నిలదొక్కుకోవడం రాదు. పెడల్స్ రెండూ విప్పించి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించండి. కొద్దిగా వాలు ఉన్న మెత్తని మట్టి నేల మీద కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లమనండి. కాళ్లు ఎత్తి కొంతదూరం జారగలిగేదాకా అదొక్కటే చేయించండి, ఎన్ని రోజులు పట్టినా. తరువాత పెడల్స్ బిగించి, ఒక పెడల్‌ను పైకి పెట్టి దాన్ని తొక్కి కదలడం నేర్పండి. బ్రేకు విడిగా, నిలబడి ఉన్నప్పుడే నేర్పాలి. వెనక పరుగెత్తుతూ ‘ఎదురుగా చూడు, నడుం నిటారుగా పెట్టు, తొక్కు, తొక్కు’ అని ఒకేసారి నాలుగు మాటలు చెప్పవద్దు. ఒక విడతకు ఒకే మాట చెప్పండి. ఎండ ఎక్కకముందే, పావుగంట చాలు. హెల్మెట్ తప్పనిసరి. సెలవులు అయ్యేసరికి పూర్తిగా రాకపోతే, ఎంతవరకు వచ్చిందో వీడియో తీసి మీ అమ్మాయికి ఇవ్వండి. అక్కడి థెరపిస్ట్ ఆ మెట్టు నుంచే అందుకుంటారు.